సరస్సు ఒడ్డున వేడినీటి స్నానం: పర్దా పాటించే కుటుంబాలకు కుదిరే దారి ఉందా?

పిల్లలు టోక్యోలోనో ఒసాకాలోనో ఉద్యోగంలో కుదురుకున్నాక అమ్మీ, అబ్బాలను ఒకసారి వచ్చి చూసి పొమ్మని పిలవడం మామూలే. పిలుస్తూ ఫోన్‌కు ఒక ఫొటో కూడా పంపుతారు. అద్దంలాంటి సరస్సు, వెనక మంచుటోపీ పెట్టుకున్న ఫుజీ కొండ, ముందు ఆవిర్లు కక్కుతున్న రాతి తొట్టి. స్టీల్ ప్లాంట్‌లో కొలిమి ముందు ముప్పై ఏళ్లు నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న గాజువాక పెద్దాయనకు ఆ తొట్టిని చూస్తే ప్రాణం లేచి వస్తుంది. ఆ నీళ్లలో పావుగంట కూర్చుంటే చాలు, ఈ నొప్పులన్నీ దిగిపోతాయనిపిస్తుంది.

ఫొటో చెప్పని సంగతి ఒకటుంది. జపాన్‌లో ఆ ఉమ్మడి తొట్టిలోకి దిగాలంటే ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. లుంగీ, టవల్, ఈత దుస్తులు ఏవీ కుదరవు. మగవాళ్లకు వేరు, ఆడవాళ్లకు వేరు అన్నమాట నిజమే. కానీ తలుపు దాటాక ముక్కూమొహం తెలియని పదిమంది మధ్య అందరూ దిగంబరంగానే ఉంటారు. బుకింగ్ సైట్లు దీన్ని పెద్దగా చెప్పవు, ఎందుకంటే జపాన్ వాళ్లకు అది చెప్పాల్సిన విషయమే కాదు. తెలియకుండా వెళ్తే, అంత డబ్బు పోసి గది తీసుకుని, తెర దగ్గర దాకా వచ్చి వెనక్కి తిరగాల్సి వస్తుంది. అమ్మీకి సిగ్గు, అబ్బాకు కోపం, మధ్యలో పిల్లలకు తలనొప్పి.

ఈ యాత్ర మానుకోవాల్సిన పనైతే లేదు. ముందు తెలుసుకోవాల్సినవి తెలుసుకుని, అడగాల్సింది అడిగి వెళ్తే సత్ర్ వదలకుండానే ఆ నీళ్లలో కూర్చోవచ్చు.

అసలు ఆన్‌సెన్ అంటే

భూమిలోంచి వచ్చే వేడినీటిని, ఆ నీటి చుట్టూ పుట్టిన ఊళ్లను, బసలను జపాన్‌లో ఆన్‌సెన్ అంటారు. పేరుకు చట్టం కూడా ఉంది. 1948లో చేసిన ఆన్‌సెన్ చట్టం ప్రకారం నీరు పైకి వచ్చే చోట 25 డిగ్రీల సెల్సియస్ అయినా ఉండాలి, లేదా చట్టంలో రాసిన 19 పదార్థాల్లో ఏదో ఒకటి చెప్పిన మోతాదులో అయినా ఉండాలి. అంటే చల్లటి ఖనిజ జలం కూడా ఆన్‌సెన్ కావచ్చు, దాన్ని తర్వాత కాచి తొట్టిలో నింపుతారు. గాజువాక ఎండాకాలంలో మేడమీద ట్యాంకు నీళ్లు 25 డిగ్రీలు సునాయాసంగా దాటతాయి, కానీ వాటిని ఎవరూ ఆన్‌సెన్ అనరు!

ఫుజీ అగ్నిపర్వతం. ఎత్తు 3,776 మీటర్లు, చివరిసారి పేలింది 1707లో. దాని ఉత్తరం వైపు అయిదు సరస్సులున్నాయి. వాటిలో యాత్రికులు ఎక్కువగా వెళ్లేది కవాగుచి సరస్సు, యమనాషి రాష్ట్రంలో ఉంది. టోక్యోలోని షింజుకు నుంచి బస్సులో అయినా రైల్లో అయినా సుమారు రెండు గంటలు. సరస్సు ఉత్తరపు ఒడ్డున నిలబడితే నీళ్లకు అవతల కొండ నిలువునా కనిపిస్తుంది. గాలి లేని ఉదయం నీళ్లలో తలకిందుల ఫుజీ కూడా కనిపిస్తుంది. అయితే అది అందరికీ దక్కదు. ఎండాకాలం, వానాకాలాల్లో కొండ రోజుల తరబడి మబ్బుల వెనకే దాక్కుంటుంది. స్పష్టంగా కనిపించేది చలికాలంలో, అదీ పొద్దున్నే. జూన్‌లో పిల్లల సెలవులని బయల్దేరి, "కొండేది?" అని అడిగి వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

ఇక్కడి వేడినీరు తరతరాలుగా వస్తున్న ఊట కాదు, చాలావరకు లోతుగా బోర్లు వేసి తీసింది. భూమిలోపలికి కిలోమీటరు దిగితే మామూలు చోట కూడా పాతిక, ముప్పై డిగ్రీల వేడి పెరుగుతుంది. అగ్నిపర్వతాల దేశంలో సంగతి వేరే చెప్పాలా.

కొండ, సరస్సు, వేడినీరు మూడూ ఒకే నిప్పు నుంచి పుట్టిన చోటు చూడాలంటే ఉత్తరాన హొక్కైదో దీవిలోని టోయా సరస్సుకు వెళ్లాలి. లక్ష ఏళ్ల కిందట పెద్ద పేలుడు జరిగి నేల కుంగితే, ఆ గుంటలో నిలిచిన నీరే ఈ సరస్సు. ఒడ్డున ఉసు అగ్నిపర్వతం. 1910లో అది పేలాక ఒడ్డున వేడినీరు బయటపడింది, ఊరు పుట్టింది. 1943 చివర్లో పక్కనే ఉన్న గోధుమ పొలం ఉబ్బడం మొదలైంది, రెండేళ్లు తిరక్కుండా కొండ అయి కూర్చుంది. పేరు షోవా షిన్‌జాన్. యుద్ధకాలం కాబట్టి ప్రభుత్వం దాన్ని బయటికి చెప్పనివ్వలేదు. ఆ ఊరి పోస్టుమాస్టరు మిమాత్సు మసావో రోజూ ఒకేచోట కూర్చుని, దారాలు కట్టి, కొండ పెరుగుదలను గీసుకుంటూ పోయాడు. యుద్ధం అయ్యాక ఆ కొండనే కొనుక్కున్నాడు. ఆయన గీసిన పటం తర్వాత శాస్త్రవేత్తలకు పనికొచ్చింది. 2000 మార్చి 31న ఉసు మళ్లీ పేలింది. ముందు వచ్చిన భూప్రకంపనలను బట్టి పదివేల మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు, ఒక్క ప్రాణం పోలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 2008లో, అదే సరస్సు దగ్గర జీ8 దేశాల సదస్సు జరిగింది. అప్పటి మన ప్రధాని మన్మోహన్ సింగ్ కూడా వెళ్లారు.

గాజువాక వాళ్లకు జపాన్ మరీ కొత్త చుట్టమేం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలుమార్గం వేసినప్పుడు దాని వెనక ఉన్నది జపాన్‌తో కుదిరిన ఒప్పందమే. ఆ ఎర్రమట్టి విశాఖ రేవు నుంచి ఓడలెక్కి అక్కడి ఉక్కు కొలిముల్లో పడింది. మన ఖనిజం చూసినంత జపాన్‌ను మన జనం చూడలేదు, అంతే తేడా.

బట్టలు ఎందుకు వద్దంటారు?

వాళ్ల లెక్కలో తొట్టి ఒళ్లు తోముకునే చోటు కాదు, నానే చోటు. ముందు పక్కనున్న చిన్న స్టూల్ మీద కూర్చుని సబ్బుతో తల నుంచి పాదం దాకా శుభ్రంగా కడుక్కుని, నురుగు ఒక్క చుక్క మిగలకుండా పోసుకుని, అప్పుడు దిగాలి. ఒకే నీటిలో పదిమంది కూర్చుంటారు కాబట్టి బట్టతో పాటు మురికి, డిటర్జెంట్ వస్తాయని వాళ్ల భయం. చేతిలో పట్టుకునే చిన్న టవల్‌ను కూడా నీళ్లకు తగలనివ్వరు, మడిచి తలమీద పెట్టుకుంటారు. జుట్టు ముడి వేసుకోవాలి. లోపల ఫొటోలు అసలే కుదరవు. ఎవరూ ఎవరినీ చూడరు, చూసినా పట్టించుకోరు. వాళ్ల పద్ధతి వాళ్లది. అందులో అసభ్యత ఏమీ లేదని ఒప్పుకోవాలి.

మన పద్ధతి మనది. మగవాడికి బొడ్డు నుంచి మోకాలి దాకా సత్ర్, అది సాటి మగవాడి ముందు కూడా. ఆడవాళ్లకు సాటి ఆడవాళ్ల ముందు కూడా హద్దు ఉంది, ముస్లిమేతర స్త్రీల ముందు ఇంకాస్త ఎక్కువ కప్పుకోవాలని చాలామంది హనఫీ ఉలమా చెబుతారు. ఇది ఈరోజు జపాన్ వల్ల కొత్తగా వచ్చిన ప్రశ్న కాదు. షామ్, ఇరాన్ దేశాల ఉమ్మడి హమ్మామ్‌లు అరబ్బులకు ఎదురైనప్పుడే వచ్చింది. ఇజార్ కట్టుకోకుండా హమ్మామ్‌లోకి అడుగు పెట్టొద్దని మగవాళ్లకు హెచ్చరిక ఉంది, ఆడవాళ్ల విషయంలో మరింత కట్టుదిట్టం. ముస్లిం దేశాలు హమ్మామ్‌ను వదిలేయలేదు, లుంగీతో స్నానం చేసే హమ్మామ్‌ను కట్టుకున్నాయి. తుర్కీలో ఇప్పటికీ నడుముకు గళ్ల తువ్వాలు చుట్టే లోపలికి పంపుతారు. మన గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో కూడా ఒక హమ్మామ్ నిలిచి ఉంది, రాజకుటుంబీకులకు ఆఖరి గుస్ల్ అక్కడే ఇచ్చేవారని చెబుతారు.

కాబట్టి "మగవాళ్లది వేరు, ఆడవాళ్లది వేరు కదా, ఇంకేం?" అని ట్రావెల్ ఏజెంటు అంటే, సగం జవాబే చెప్పాడని అర్థం.

అడగాల్సిన మాట: కషికిరి

జపాన్ బసల్లో 'కషికిరి బురో' అని ఒకటి ఉంటుంది. గంట లెక్కన ఒక్క కుటుంబానికే ఇచ్చే తొట్టి గది. లోపల గడియ పెట్టుకుంటే ఇంకెవరూ రారు. 'కజోకు బురో' అన్నా దాదాపు ఇదే, కజోకు అంటే కుటుంబం. సాధారణంగా 45 నిమిషాల నుంచి గంట దాకా ఇస్తారు. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల కొన్ని వేల యెన్‌లు. చాలా బసల్లో రెండో మూడో గదులే ఉంటాయి, సాయంత్రం వేళలు ముందే నిండిపోతాయి. అందుకే గది బుక్ చేసిన రోజే దీని టైం కూడా అడిగి రాయించుకోవాలి. దిగాక చూద్దాంలే అనుకుంటే రాత్రి పదకొండుకు వంతు వస్తుంది.

రెండో దారి, గదికే సొంత తొట్టి ఉన్నది తీసుకోవడం. బాల్కనీలో సరస్సు వైపు ముఖం పెట్టి ఉంటుంది. ఖర్చు ఎక్కువే కానీ పర్దా పాటించే ఇంటికి ఇంతకన్నా హాయి లేదు. తహజ్జుద్‌కు లేచి కూడా దిగవచ్చు, అడిగేవాడు లేడు. రెండు సంగతులు మాత్రం తేల్చుకోవాలి. ఆ తొట్టిలో వచ్చేది నిజంగా ఆన్‌సెన్ నీరా, లేక కాచిన కుళాయి నీరా? చాలా హోటళ్లలో గది తొట్టికి కుళాయి నీరే ఇస్తారు, ఆన్‌సెన్ కింద ఉమ్మడి స్నానశాలలో మాత్రమే ఉంటుంది. రెండోది, కొండ మనకు కనిపించినట్టే మనం పక్క మేడకో, సరస్సులో పడవకో కనిపిస్తామా? తొట్టి ముందు దించుకునే వెదురు తెర ఉందో లేదో ఫొటోలో చూసుకోవాలి, లేదా అడగాలి.

'రోటెన్‌బురో' అన్న మాట చూసి మోసపోవద్దు. దాని అర్థం ఆరుబయట తొట్టి అని మాత్రమే, సొంతం అని కాదు. 'దాయ్‌యోకుజో' అంటే ఉమ్మడి స్నానశాల. 'కోన్యోకు' అని కనిపిస్తే అసలు అటు చూడక్కర్లేదు, ఆడామగా కలిసి దిగే చోటు అది. హకోనెలో యునెస్సన్ లాంటి చోట్ల ఈత దుస్తులతో దిగే వేడినీటి కొలనులున్నాయి. కానీ అక్కడా ఆడామగా కలిసే ఉంటారు, కాబట్టి మన సమస్య సగమే తీరుతుంది.

కషికిరి గదిలోకి వెళ్లాక కూడా ఇంట్లో వాళ్ల మధ్య హద్దులు ఉండనే ఉన్నాయి. భార్యాభర్తల వరకు చిక్కు లేదు. ఎదిగిన కొడుకు, తండ్రి, అత్తా కోడలు అంటే వంతులు వేసుకోవడమే మేలు. గంటను మూడు ముక్కలు చేసుకుంటే అందరికీ సరిపోతుంది, ఎందుకంటే ఆ వేడిలో పదిహేను నిమిషాలకు మించి ఎవరూ కూర్చోలేరు. స్నానానికే వేసుకునే పలచటి వస్త్రం ఒకటి జపాన్‌లోనూ ఉంది, 'యుఆమిగి' అంటారు. సొంత గదిలో దాంతో దిగనిస్తారా అని బస వాళ్లను అడిగితే చాలామంది మర్యాదగానే చెబుతారు. కొత్త, ఉతికిన నూలు లుంగీ ఒకటి పెట్టెలో ఉంటే ఖర్చు లేని ఉపాయం. కానీ అడగకుండా దిగడం సరికాదు.

ఇవేవీ కుదరకపోతే 'అషియు' ఉంది. అంటే పాదాల తొట్టి. ఒడ్డునో, వీధి చివరో, స్టేషన్ పక్కనో బెంచీ కట్టి కాళ్ల కింద వేడినీరు పారిస్తారు. ప్యాంటు మోకాలి కిందిదాకా మడుచుకుని కాళ్లు పెట్టుకోవడమే. ఆడవాళ్లు సాక్సు లేకుండా నలుగురిలో కూర్చోవడం ఇష్టపడకపోతే వేరే సంగతి. నిజానికి మోకాళ్ల నొప్పుల నానీకి, దాదాకు తొట్టికన్నా ఇదే తేలిక, దిగే పని లేదు, లేచే పని లేదు.

పిల్లల విషయంలో ఒక మార్పు వచ్చింది. ఉమ్మడి స్నానశాలల్లో తల్లితో మగపిల్లాడు, తండ్రితో ఆడపిల్ల వెళ్లే వయసు అంతకుముందు పదేళ్ల దాకా ఉండేది. 2020 చివర్లో జపాన్ ఆరోగ్య శాఖ మార్గదర్శకాలను మార్చి, సుమారు ఏడేళ్లు వచ్చాక కలిసి వెళ్లకూడదంది.

ఇంకో చిన్న చిక్కు మెహందీ. పచ్చబొట్టు ఉన్నవాళ్లను చాలా ఆన్‌సెన్‌లు రానివ్వవు, అక్కడ అది గూండాల గుర్తు. ఈద్‌కు పెట్టుకున్న మెహందీ చేతి నిండా ఉంటే దూరం నుంచి అదేననుకునే వీలుంది. కషికిరి తీసుకుంటే ఈ గొడవ లేదు. వెండి పట్టీలు, ఉంగరాలు మాత్రం తీసేసి దిగాలి. గంధకం కలిసిన నీటిలో వెండి నిమిషాల్లో నల్లబడుతుంది. వన్‌గ్రామ్ నగల సంగతి చెప్పక్కర్లేదు.

గది, నమాజు, పళ్లెం

పాతకాలపు పద్ధతిలో నడిచే బసను ర్యోకాన్ అంటారు. చెప్పులు గడప దగ్గరే. నేలంతా చాపలు, మంచాలు ఉండవు, రాత్రికి పరుపులు పరుస్తారు. అయిదుగురు ఒకే గదిలో వరసగా పడుకోవచ్చు, మన ఇళ్లలో పెళ్లి ముందు రోజు రాత్రిలా ఉంటుంది. చెప్పు తగలని నేల కాబట్టి జానమాజ్ ఎక్కడ పరిచినా చాలు. ఖిబ్లా పడమర నుంచి కాస్త ఉత్తరానికి. వేళలే కొంచెం కష్టం. జూన్ నెలలో టోక్యో వైపు నాలుగున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు, ఫజర్ మూడు లోపే. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే మగ్రిబ్. ర్యోకాన్ భోజనం ఆరు, ఏడు గంటల మధ్య పెడతారు, ఆలస్యమైతే వాళ్లకు నచ్చదు. కాబట్టి ఏ వేళకు వడ్డించాలో నమాజు చూసుకుని ముందే చెప్పుకోవాలి. పరుపులు వేయడానికి పనివాళ్లు గదిలోకి వస్తారు, ఆడవాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు మగవాళ్లను పంపొద్దని చెప్పినా తప్పేం లేదు. వేసుకోమని ఇచ్చే యుకాతా అంగీ నడుస్తుంటే ముందు తెరుచుకుంటుంది, లోపల టీషర్టు, పైజామా ఉండాల్సిందే. ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలి. కుడి అంచు పైకి వస్తే అది శవానికి కట్టే తీరు, చూసిన ముసలమ్మ పరుగున వచ్చి సరిచేస్తుంది.

బాత్‌రూం గురించి మాత్రం మన వాళ్లకు దిగులే వద్దు. బటన్ నొక్కితే నీళ్లు చిమ్మే జపాన్ కమోడ్లు తహారత్ విషయంలో యూరప్ కన్నా ఎంతో నయం.

తిండి దగ్గరే జాగ్రత్త కావాలి. ర్యోకాన్ ధరలో రాత్రి భోజనం, పొద్దుటి భోజనం కలిసే ఉంటాయి. లెక్క గదికి కాదు, మనిషికి. రెండు పూటల తిండితో ఒక్కొక్కరికి 15,000 యెన్‌లు దాటడం మామూలు. ఈ మధ్య సంవత్సరాల మారకం ప్రకారం ఎనిమిది, తొమ్మిది వేల రూపాయలు. పైన పెద్దవాళ్లకు రోజుకు సాధారణంగా 150 యెన్‌ల స్నానపు పన్ను. అంత పోసి పళ్లెంలో సగం వదిలేయాల్సి వస్తే బాధే. చేప ఎక్కువ కాబట్టి పర్వాలేదనుకుంటారు, కానీ ఆ చేపను నానబెట్టింది దేనిలో? మిరిన్ అనే తీపి వంట ద్రావణంలో సుమారు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. వంటలో సాకే సారా పోయడం వాళ్లకు మనం నిమ్మకాయ పిండినంత మామూలు. సోయా సాసు పులిసేటప్పుడే కొంత ఆల్కహాల్ పుడుతుంది, కొన్నిటిలో విడిగా కలుపుతారు. రామెన్ పులుసు చాలాచోట్ల పంది ఎముకలది. కవాగుచి వైపు 'హోతో' అని గుమ్మడికాయ ముక్కలతో, వెడల్పాటి పిండి పట్టీలతో మిసో పులుసులో వండే వంటకం ఫేమస్, మన దప్పళానికి దూరపు చుట్టంలా ఉంటుంది. అందులో కూడా కొన్ని హోటళ్లు పంది మాంసం వేస్తాయి.

"హలాల్ కావాలి" అని ఒక్క మాట రాస్తే చిన్న ఊరి వంటవాడికి అర్థం కాదు. పంది వద్దు, మాంసం వద్దు, చేప, గుడ్డు, కూరగాయలు పర్లేదు, సాకే వద్దు, మిరిన్ కూడా వద్దు అని విడివిడిగా చెప్పాలి. మిరిన్‌ను చాలామంది వంటవాళ్లు మద్యం కింద లెక్కే వేయరు, కాబట్టి పేరు పెట్టి చెప్పాల్సిందే. అది కూడా కనీసం వారం ముందు. "బుతానికు తో అరుకోరు నుకి దె ఒనెగాయ్ షిమాస్" అంటే "పంది, ఆల్కహాల్ లేకుండా పెట్టండి" అని. వాళ్లు కుదరదంటే భోజనం లేకుండా గది మాత్రమే తీసుకోవడం ఉత్తమం. ఉప్మా రవ్వ, ఆవకాయ, ఒక కరెంటు కుక్కర్ ఉంటే ఏ గాజువాక అమ్మీకీ చేతులు కట్టేసినట్టు ఉండదు. గదిలో వండుకోనిస్తారో లేదో ముందే కనుక్కోవాలి. టోక్యోలో అయితే హలాల్ హోటళ్లకు లోటు లేదు. షిబుయా వార్డులోని టోక్యో జామీ మసీదు 1938లో వెలిసింది, ఇప్పటి కట్టడం 2000 సంవత్సరంలో పూర్తయింది. జపాన్ తొలి మసీదు మాత్రం కోబేలో, 1935లో. దాన్ని కట్టిన చందాల్లో అక్కడి హిందుస్తానీ వర్తకుల సొమ్ము కూడా ఉంది. 1945 బాంబుల్లోనూ, 1995 భూకంపంలోనూ అది నిలబడింది.

అందరి ఒంటికీ పడదు

వేడినీళ్లంటే మందు అనుకుని ఎవరుపడితే వారు దిగడం మంచిది కాదు. తొట్టి నీరు మామూలుగా 40 నుంచి 42 డిగ్రీలు. బయట చలి, లోపల వేడి. ఒళ్లు ఒక్కసారిగా మారేసరికి బీపీ కింద పడుతుంది, లేవగానే తల తిరుగుతుంది. చలికాలంలో స్నానపు తొట్టిలోనే వృద్ధులు చనిపోవడం జపాన్‌కే పెద్ద సమస్య. గుండె జబ్బు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దిగకూడదు. షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కిన వాళ్లకు ఇంకో ప్రమాదం, నీరు కాలుతోందని తెలియదు. తెలిసేలోపు బొబ్బలు లేస్తాయి. అషియు దగ్గర కూడా ముందు చేయి పెట్టి చూసుకోవాలి, వేరేవాళ్ల చేతితో చూపించుకుంటే ఇంకా మంచిది. గర్భిణులు దిగకూడదన్న పాత నిషేధాన్ని 2014లో జపాన్ పర్యావరణ శాఖ జాబితా నుంచి తీసేసింది, అయినా మన డాక్టరమ్మ మాటే ఆఖరు.

దిగేముందు చెంబుతో కాళ్ల నుంచి పైకి నీళ్లు పోసుకుంటూ ఒంటిని అలవాటు చేయాలి. అయిదు నిమిషాలు కూర్చుని, బయటికి వచ్చి, మళ్లీ అయిదు నిమిషాలు. తిన్న వెంటనే వద్దు, రోజా ఉంటే అసలే వద్దు, చెమటతో ఒంట్లో నీరు పోతుంది. తలుపులు మూసిన గంధకపు గదుల్లో గాలి ఆడుతోందో లేదో చూసుకోవాలి, ఆ వాసన విషవాయువుదే. నొప్పి ఆ పూటకు తగ్గుతుంది, కండరం సడలుతుంది, నిద్ర బాగా పడుతుంది. అరిగిన కీలు తిరిగి రాదు. ఎవరైనా వస్తుందంటే అమ్మకానికి చెబుతున్న మాట.

జపాన్ దాకా వెళ్లలేని వాళ్లకు

విశాఖ నుంచి జపాన్‌కు నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాలి. వీసా, టికెట్లు, బస అన్నీ కలిపితే నలుగురి కుటుంబానికి లక్షల మాట. కొండల మధ్య వేడినీళ్లే కావాలంటే రైల్లో నాలుగైదు గంటల దూరంలో బరంపురం ఉంది. తెలుగువాళ్లు దండిగా ఉన్న ఊరు, భాషతో ఇబ్బంది లేదు. అక్కడి నుంచి తూర్పు కనుమల్లోకి సుమారు 50 కిలోమీటర్లు వెళ్తే తప్తపాణి. గంధకపు వాసనతో సహజంగా ఉబికే వేడి ఊట. ఇక్కడ అగ్నిపర్వతం లేదు. వాన నీరు రాతి పగుళ్ల వెంట చాలా లోతుకు దిగి, వేడెక్కి, మరో పగులు దొరికిన చోట పైకి వస్తోంది, అంతే.

ఊట పుట్టే కుండం దగ్గర గుడి ఉంది, అది భక్తుల చోటు. మనం ఆ మర్యాద పాటించి పక్కకు రావాలి. మన అవసరానికి పనికొచ్చేది ఒడిశా పర్యాటక సంస్థ నడిపే పంథనివాస్. అక్కడ కొన్ని గదుల స్నానాల తొట్టిలోకే ఊట నీటిని గొట్టాలతో తెచ్చారు. అంటే జపాన్‌లో వేలు పోసి వెతికే కషికిరి, ఇక్కడ గది తలుపు వెనకే ఉందన్నమాట. సరస్సు లేదు, మంచుకొండ లేదు, సాల్ అడవి ఉంది. ఇంకో గంట పైకి వెళ్తే చంద్రగిరి దగ్గర టిబెట్ శరణార్థుల ఊళ్లు, మొక్కజొన్న చేలు, కొండల మీద మబ్బు.

తెలంగాణ వైపు చుట్టాలున్న వాళ్లు మణుగూరు దగ్గరి వేడినీటి ఊటల పేరు వినే ఉంటారు. అక్కడ పగిడేరులో బోరు గొట్టంలోంచి వేడినీరు దానంతట అదే వస్తుంటుంది. ఆ వేడితో కరెంటు తీద్దామని సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు కూడా పెట్టింది. చూసి రావడానికి బాగుంటుంది కానీ కుటుంబంతో స్నానానికి ఏర్పాట్లున్న చోటు కాదు.

తప్తపాణికి బయల్దేరేవాళ్లు పంథనివాస్‌కు ముందే ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోవాలి: తొట్టి ఉన్న గది ఖాళీగా ఉందా, ఆ తొట్టిలోకి ఇప్పుడు ఊట నీరు వస్తోందా, వంటగదిలో శాకాహారం, గుడ్డు విడిగా వండిపెడతారా. ఆదివారాలు, కార్తీక మాసపు పిక్నిక్ రోజులు తప్పించి, వారం మధ్యలో, చలికాలంలో వెళ్తే గది దొరకడం తేలిక.